వాబి-సాబి వయసెంత? అతుకుపడిన టీ పాత్రల సాక్ష్యం

1. ప్రశ్న, దాని హద్దులు

పగిలిన టీ పాత్రను బంగారు గీతలతో అతికి వాడుకునే పద్ధతిని కింత్సుగి అంటారు. మోటుదనంలోనూ పాతబడటంలోనూ అందాన్ని చూసే దృష్టిని వాబి-సాబి అంటారు. ఈ రెండూ ఒకే తత్త్వానికి రెండు ముఖాలనీ, ఆ తత్త్వం పదిహేనో శతాబ్దం నుంచి జపాన్‌లో తెగకుండా వస్తున్నదనీ ప్రచారంలో ఉంది. లోపాన్ని ఆదరించమనీ మార్పుతో పోట్లాడవద్దనీ బోధించే పుస్తకాలు చాలావరకు ఈ చరిత్రనే పునాదిగా తీసుకుంటాయి. ఆ బోధ మంచిచెడ్డలు ఈ వ్యాసానికి విషయం కావు. ఆ చరిత్రకు ఏయే పత్రాలు, ఏయే వస్తువులు సాక్ష్యమిస్తున్నాయి, అవి ఏ కాలానివి, ఒకదానితో ఒకటి ఎంతవరకు పొసగుతాయి అన్నంతవరకే ఇక్కడి విచారణ.

రెండు జాగ్రత్తలు ముందే చెప్పుకోవాలి. మొదటిది: ఒక పాత్ర తయారైన కాలం, పగిలిన కాలం, దాన్ని అతికిన కాలం వేరువేరు కావచ్చు. పదమూడో శతాబ్దపు పాత్ర మీద బంగారు అతుకు కనబడినంత మాత్రాన ఆ అతుకు కూడా పదమూడో శతాబ్దానిదని తేలదు. రెండోది: ఒక గురువు పేరిట చెలామణిలో ఉన్న మాట ఆయన బతికున్ననాటి పత్రంలో ఉందా, పోయిన నూరేళ్లకు పుట్టిన సంకలనంలో ఉందా అన్నది చూసుకోవాలి. వేమన పేరిట దొరికే పద్యాలన్నిటినీ వేమనకే కట్టబెట్టడంలో ఉన్న చిక్కు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

2. యోషిమాసా పాత్ర

కింత్సుగి పుట్టుకగా ఎక్కువగా చెప్పే కథ ఇది. ఆషికాగా వంశపు ఎనిమిదో షోగున్ యోషిమాసా (1436–1490) దగ్గర ఒక ప్రియమైన చైనా టీ పాత్ర ఉండేది. అది బీటవారితే అలాంటిదే మరొకటి కావాలని చైనాకు పంపించాడు. అక్కడివారు పాత దానికే ఇనుప కుట్లు వేసి తిప్పి పంపారు. ఆ కుట్లు వికారంగా ఉన్నాయని ఆయన నొచ్చుకోగా, జపాన్ పనివారు చెట్టుజిగురుతో అతికి పైన బంగారు పొడి అద్దే పద్ధతిని కనిపెట్టారు.

ఈ కథలోని పాత్రగా గుర్తించదగినది నిజంగానే ఒకటి ఉంది. బకోహాన్ అనే పేరుతో టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న ఆ పాత్ర, చైనాలోని లుంగ్‌చువాన్ కుమ్మరి ఆవాల్లో కాలిన లేత ఆకుపచ్చ మెరుగు పింగాణీ. యోషిమాసా నుంచి సుమినొకురా వంశానికి, ఆ తరువాత మిత్సుయి కుటుంబానికి చేరి, వారి దానంగా మ్యూజియానికి వచ్చిందని దాని వృత్తాంతం. పాత్ర ముందుంది కాబట్టి కథను దానితో సరిపోల్చి చూడవచ్చు.

(1) కథకు లిఖితమైన ముఖ్య ఆధారం 1727లో కన్‌ఫ్యూషియన్ పండితుడు ఇతో తోగై (1670–1736) ఈ పాత్ర గురించి రాసిన వృత్తాంతం. యోషిమాసా మరణానికీ ఈ రాతకూ మధ్య 237 ఏళ్ల ఎడం ఉంది. అంతకాలం పాత్రను దాచుకున్న కుటుంబపు నోటిమాటే తోగై రాతకు మూలమై ఉండాలి.

(2) అదే వృత్తాంతం ప్రకారం పాత్ర మొదట తైరా వంశపు దొర తైరా నో షిగెమోరికి చెందింది. ఆయన చైనాలోని ఒక బౌద్ధ విహారానికి బంగారం పంపగా, అక్కడి మఠాధిపతి బదులుగా దీన్ని పంపాడట. షిగెమోరి మరణం 1179లో. పాత్ర పనితనాన్ని బట్టి నిపుణులు దాన్ని పదమూడో శతాబ్దానికి చెందినదిగా లెక్కిస్తున్నారు. ఈ రెండు తేదీలు పొసగవు. కాబట్టి తోగై వృత్తాంతంలో కనీసం ఒక భాగం, పాత్రకు పెద్దరికం తెచ్చేందుకు తరువాత చేరి ఉండవచ్చు.

(3) ఒక భాగం సందేహాస్పదమైతే మిగతాదంతా కొట్టివేయవలసిందేనా? అంత తొందర అక్కర్లేదు. పగిలిన పింగాణీకి రంధ్రాలు తొలిచి లోహపు కుట్లు వేయడం చైనాలో బాగా తెలిసిన పని. మింగ్ కాలం నాటికి అంతటి మెరుగు తేవడం సాధ్యంకాక పాతదాన్నే బాగుచేసి పంపారన్న మాట కూడా నమ్మదగనిదేమీ కాదు.

(4) పేరు విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఇనుప కుట్లు పెద్ద మిడతల్లా ఉన్నాయి కాబట్టి బకోహాన్ అన్నారని జపాన్‌లో సాధారణంగా చెబుతారు. చైనా వాడుకను బట్టి అది మిడత కాదు, జలగ అనేవారూ ఉన్నారు.

(5) అన్నిటికంటే ముఖ్యమైనది, కథలు చెప్పేవారు తరచు దాటవేసేది ఇది: బకోహాన్ మీద ఇవాళ్టికీ ఇనుప కుట్లే ఉన్నాయి. బంగారం లేదు. బంగారు అతుకు ఎలా పుట్టిందో తోగై వృత్తాంతం చెప్పదు. నొచ్చుకున్న షోగున్, పూనుకున్న జపాన్ పనివారు తరువాతి కథనాల్లోని పాత్రలే కావచ్చు. పాత్ర ఇచ్చే సాక్ష్యం ఆ కథనాలకు దాదాపు ఎదురుగా ఉంది. ఆ కుట్లు ఎవరికీ అసహ్యం కలిగించినట్టు లేదు. పాత్రకు పేరే వాటివల్ల వచ్చింది, శతాబ్దాలపాటు వాటితోనే దాన్ని దాచుకున్నారు.

అందువల్ల యోషిమాసా కాలంలోనే లోపాన్ని గౌరవించే చూపు కొంత ఉన్నదనడానికి బకోహాన్ ఒక బలహీనమైన ఆధారం కావచ్చు. కింత్సుగి అప్పుడే పుట్టిందనడానికి మాత్రం దాన్ని సాక్షిగా నిలబెట్టలేం.

3. అతుకు పనికి ఉన్న వయసు

కింత్సుగికి ముడిసరుకు ఉరుషి. దీన్ని తెలుగులో 'లక్క' అనేస్తే పొరపాటుకు తావిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క పురుగు నుంచి వచ్చేది. ఉరుషి ఒక చెట్టుకు గాట్లు పెట్టి తీసే పాలు. పచ్చిగా ఉండగా ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. అది ఎండకు ఆరదు. వెచ్చగా, బాగా తేమగా ఉండే అరలో ఉంచితే దానిలోని ఎంజైమ్ పనిచేసి మెల్లగా గట్టిపడుతుంది. ముక్కల్ని అతకడానికి ఉరుషిలో గోధుమపిండి కలుపుతారు. పెచ్చు ఊడిన చోట మెత్తని మట్టిపొడి కలిపి పూడుస్తారు. ఒక్కో పొర గట్టిపడేదాకా ఆగి, అరగదీసి, మళ్లీ పూసి, చివరి పూత తడిగా ఉండగా బంగారు పొడి చల్లుతారు. ఈ పనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. (ఇప్పుడు పెట్టెల్లో పెట్టి అమ్ముతున్న సామగ్రిలో చాలావాటిలో ఉండేది ఎపాక్సీ జిగురు, ఇత్తడి పొడి.)

ఇందులోని ఒక్కో అంచెకూ విడివిడిగా తేదీ వెతకవచ్చు. ఉరుషితో కుండలు అతకడం జపాన్‌లో లిపి పుట్టకముందటి పని. టోక్యో పరిసరాల్లోని షిమోయాకెబె తవ్వకాల్లో, సుమారు మూడు నాలుగు వేల ఏళ్ల కిందటి జోమొన్ కుండలు ఉరుషితో అతికినవి దొరికాయి. వాటి వెనుక తత్త్వం ఉందని ఎవరూ వాదించరు. కుండ పనికి రావాలి, అంతే. ఉరుషి మీద బంగారు పొడి చల్లి బొమ్మలు తీర్చే మాకియె కళ హేయాన్ కాలానికి (794–1185) బాగా స్థిరపడింది. అంటే అతకడమూ బంగారం అద్దడమూ యోషిమాసాకు శతాబ్దాల ముందే పనివారి చేతిలో ఉన్నాయి. కింత్సుగికి ఒక ఆవిష్కర్త, ఒక సందర్భం ఉండి తీరాలన్న పట్టుదల మనకు తప్ప ఆ పనికి అవసరం లేదనిపిస్తుంది.

టీ పాత్రల విషయంలో తేదీకి కొంత దగ్గరగా తీసుకుపోయే సాక్ష్యాలు పదహారో శతాబ్దం చివరి నుంచి దొరుకుతాయి.

మొదటిది త్సుత్సుయ్-జుత్సు అనే కొరియా పాత్ర. త్సుత్సుయ్ జుంకెయ్ అనే దొర దాన్ని నాటి జపాన్ పాలకుడు టొయొటొమి హిదెయోషికి సమర్పించాడు. ఒక విందులో సేవకుడి చేయి జారి అది ఐదు ముక్కలైంది. హిదెయోషి కోపం సంగతి అందరికీ తెలిసిందే. అక్కడే ఉన్న హొసొకావా యూసై అనే కవి ఆశువుగా ఒక హాస్య పద్యం చెప్పి ఆ కోపాన్ని నవ్వుగా మార్చాడు. ఈ సంఘటన నారా పట్టణంలోని తామొన్-ఇన్ అనే మఠపు దినచర్య గ్రంథంలో 1588 నాటి నమోదులో ఉంది. అంటే ఇది సమకాలిక సాక్ష్యం. బకోహాన్ వృత్తాంతంకంటే ఎన్నో రెట్లు బలమైనది. పాత్రను అతికి, గొప్ప పాత్రగానే నిలుపుకున్నారు. అయితే నాటివారు రాసిపెట్టదగిందిగా భావించింది అతుకును కాదు, పద్యాన్నీ సేవకుడి ప్రాణం దక్కడాన్నీ.

రెండోది హొన్నామి కోయెత్సు (1558–1637) చేసిన సెప్పో అనే ఎర్రని రాకు (చేత్తో మలిచి తక్కువ వేడిలో కాల్చే తరహా) పాత్ర. ఆవంలో కాలేటప్పుడే దానికి పెద్ద పగుళ్లు వచ్చాయి. వాటిని ఉరుషితో పూడ్చి బంగారం అద్దారు. పాత్ర పైభాగాన తెల్లని మెరుగు ఉంటుంది. మంచు శిఖరం అన్న అర్థం గల ఆ పేరు తెల్లదనాన్నీ, కరిగి పారే నీటిలాంటి బంగారు గీతల్నీ కలిపి పెట్టినదేనని సాధారణంగా వివరిస్తారు. పూడ్చకపోతే టీ పోయడానికే పనికిరాని పాత్ర కాబట్టి, అతుకు పాత్ర పుట్టిన కాలంలోనే పడి ఉండే అవకాశం ఎక్కువ. బంగారు అతుకు పాత్ర సౌందర్యంలో భాగమైందని ధైర్యంగా చెప్పగలిగిన తొలి ఉదాహరణల్లో దీన్ని చేర్చవచ్చు. అయితే ఇది పదిహేడో శతాబ్దపు మొదటి దశాబ్దాల మాట.

మూడోది కొంచెం ఇబ్బందికరమైన సాక్షి. టోక్యోలోని మిత్సుయి స్మారక మ్యూజియంలో షుమి లేదా జూమొంజి అనే పాత్ర ఉంది. పెద్దదిగా ఉందని టీ గురువు ఫురుతా ఒరిబె (1544–1615) దాన్ని కావాలనే నాలుగు ముక్కలుగా కోయించి, చిన్నది చేసి, మళ్లీ అతికించారని ఐతిహ్యం. ఐతిహ్యం ఎంతవరకు నిజమైనా, పాత్రపై అడ్డంగా నిలువుగా ఉన్న అతుకు గీత కళ్లెదుట ఉంది. దొరికిన లోపాన్ని ఆదరించడం ఒకటి, లోపాన్ని పనిగట్టుకుని తయారుచేయడం మరొకటి. ఇవాళ్టి వాబి-సాబి పుస్తకాల్లో ఒరిబె పాత్ర ప్రస్తావన అరుదుగా కనబడటానికి కారణం ఇదే కావచ్చు.

4. భావానికి ఉన్న వయసు

పని వయసు ఒకటైతే, భావం వయసు మరొకటి. అసంపూర్ణమైనదే బాగుంటుందన్న అభిప్రాయం టీ కళ పుట్టకముందే జపాన్ సాహిత్యంలో స్పష్టంగా ఉంది. దీన్ని తక్కువ చేసి చెప్పడం కూడా తప్పే.

కామో నో చోమెయ్ 1212లో రాసిన హోజోకి, ఇళ్లూ మనుషులూ నిలవని తీరును అగ్నిప్రమాదం, సుడిగాలి, కరువు, భూకంపం వంటి తాను చూసిన విపత్తులతో వివరిస్తుంది. అక్కడున్నది అనిత్యత మీద బౌద్ధ విచారం. వస్తువుల అందం గురించిన చర్చ కాదు. యోషిదా కెంకో సుమారు 1330 ప్రాంతంలో రాసినట్టు భావించే త్సురెజురెగుసా మనకు ఎక్కువ పనికివస్తుంది. దాని 82వ ఖండికలో, పుస్తకపు చుట్టల పట్టు అంచులు త్వరగా పీలికలవుతున్నాయని ఒకరు వాపోతే, అంచులు చిరిగి, కర్రకు పొదిగిన ముత్యపుచిప్ప రాలిపోయాకే చుట్ట చూడబుద్ధేస్తుందని తోన్నా అనే కవి బదులిస్తాడు. వస్తువుల్ని పూర్తి జతలుగా సమకూర్చుకోవాలని తాపత్రయపడటం అల్పుల పనని మరొక భిక్షువు అంటాడు. 137వ ఖండిక, విరబూసిన పూలనూ మబ్బులేని చంద్రుణ్ణీ మాత్రమే చూడాలా అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

ఈ గ్రంథానికి తేదీ వేసి ఉన్న పాత ప్రతి, కవి షోతెత్సు 1431లో రాసుకున్నది. అంటే పదిహేనో శతాబ్దపు కవుల చేతుల్లో ఇది ఉన్నదని నిశ్చయంగా చెప్పవచ్చు. టీ కళకు ఆద్యుడిగా చెప్పే మురాతా జుకో (1423–1502) పుట్టింది ఆ కాలంలోనే. మబ్బు చాటు లేని చంద్రుడు తనకు నచ్చడని జుకో అన్నట్టు, నో నాటక కళాకారుడు కొంపారు జెంపో సంభాషణల గ్రంథంలో ఉంది. ఆ సంభాషణలు 1512 తరువాతివి. జుకో మరణానికి పదేళ్ల దూరం మాత్రమే. ఇలాంటి ఉటంకింపుల్లో ఇంత దగ్గరి సాక్ష్యం దొరకడం అదృష్టమే.

జుకో పేరిట ఉన్న మరొక పత్రం, శిష్యుడు ఫురుయిచి చోయిన్‌కు రాసిన చిన్న ఉత్తరం. తేదీ లేదు. అయినా వాబి చరిత్రలో దీన్ని మించిన పాత పత్రం చూపడం కష్టం. అందులో మూడు విషయాలు గమనించాలి. (1) జపాన్ వస్తువులకూ చైనా వస్తువులకూ మధ్య గీతను చెరిపేయడం ముఖ్యమని ఆయన అంటారు. (2) ఆయన మెచ్చుకునే గుణాలకు వాడిన మాటలు చల్లదనం, ఎండిపోవడం అన్న అర్థాలున్నవి. ఇవి షింకెయ్ వంటి గొలుసుకవితల కవులు అప్పటికే వాడుతున్నవి. వాబి అన్న మాట ఆ ఉత్తరానికి ఇరుసు కాదు. (3) బిజెన్, షిగరాకి వంటి మోటు మట్టిపాత్రల్ని కొత్తగా చేరినవారు చేతబట్టి, తామూ ఆ ఎండిన పరిపక్వతను అందుకున్నామని చెప్పుకోవడం మీద ఆయన తీవ్రంగా విరుచుకుపడతారు. ముందు మంచి వస్తువుల్ని ఎరిగి, వాటి రుచి తెలిశాక, మనసు లోతుపడిన తరువాతే ఆ దశ వస్తుందని ఆయన వాదం.

మూడో అంశం మామూలుగా ఉటంకింపులకు ఎక్కదు. మోటుదనం అప్పటికే ఒక వేషంగా మారిందనీ, గురువుకు అది విసుగు పుట్టించిందనీ దీన్నిబట్టి ఊహించవచ్చు.

5. రిక్యూ: రెండు రకాల పత్రాలు

టీ గురువు సెన్ నో రిక్యూ (1522–1591) గురించి చెప్పేటప్పుడు పత్రాల్ని రెండు కుప్పలుగా వేరుచేయాలి: ఆయన కాలానివి, ఆయన తరువాతివి.

ఆయన కాలపు పత్రాల్లో ముఖ్యమైనది, శిష్యుడు యమనొయె సోజి 1588 ప్రాంతంలో రాసిన గ్రంథం. (సోజిని రెండేళ్లకు, ఒదవారా ముట్టడి సమయంలో, హిదెయోషి చంపించాడు.) అందులో వాబి టీ మనిషికి ఇచ్చిన నిర్వచనం సూటిగా ఉంటుంది: పేరుమోసిన వస్తువు ఒక్కటీ లేకపోయినా గుండె నిబ్బరం, కొత్తగా చేసే నేర్పు, చూపగలిగిన ఘనత అనే మూడూ ఉన్నవాడు. ఇక్కడ వాబి ప్రధానంగా ఒక స్థితి, ఆ స్థితిలో నిలబడే మనిషి. పగిలిన వస్తువు గురించిన సిద్ధాంతం ఇందులో లేదు. 1587లో కితానో ఆలయ ఆవరణలో జరిగిన మహా టీ సభకు హిదెయోషి వేయించిన ప్రకటనలోనూ ఈ అర్థమే కనబడుతుంది. వాబి జనం కెటిల్ ఒకటి, బొక్కెన ఒకటి, గిన్నె ఒకటి తెచ్చుకున్నా చాలు. టీ పొడి లేకపోతే వేయించిన ధాన్యపు పిండైనా పరవాలేదు. రానివారు ఇకమీదట ఆ పిండి కూడా కలుపుకోవడానికి వీల్లేదన్న బెదిరింపు అదే ప్రకటనలో ఉంది. సరళతకు అధికారం అండ ఎలా ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ కాలపు వస్తువులు చెప్పేది ఒక్క దిక్కుగా ఉండదు. యమజాకిలోని మ్యోకిఆన్ ఆలయంలో ఉన్న తైఆన్ రెండు చాపల టీ గది. రిక్యూ కట్టించినదిగా భావించేవాటిలో మిగిలింది ఇదొక్కటే. 1586 ఆరంభంలో చక్రవర్తి ఎదుట హిదెయోషి ప్రదర్శించిన టీ గదికి గోడలు బంగారు రేకు తొడిగినవి. ఆ ఏర్పాట్లలో రిక్యూకు కూడా ప్రమేయం ఉండి ఉండాలని పలువురి అభిప్రాయం. అదే 1586లో మాత్సుయా కుటుంబపు టీ దినచర్యలో సోయెకి తరహా పాత్ర ఒకటి వాడినట్టు నమోదు ఉంది. సోయెకి రిక్యూ మరో పేరే. ఇది కుమ్మరి చోజిరో చేసిన రాకు పాత్ర అయి ఉండవచ్చని భావిస్తారు. ఇలాంటి పాత్రల్ని ఆనాటివారు పిలిచిన తీరు 'ఇప్పటి కాల్పు' అని. నేడు వాబికి ప్రతిరూపంగా చూపే నల్లని రాకు పాత్ర, పుట్టినప్పుడు పాత వస్తువు కాదు, చెక్కుచెదరని కొత్త సరుకు. రిక్యూ రుచిలో పాతదనం పాలెంత, కొత్తదనం పాలెంత అన్నది మళ్లీ తూచవలసిన విషయం.

రెండో కుప్పలో అతి ప్రసిద్ధమైనది నాన్‌పోరొకు. రిక్యూ శిష్యుడు నాన్‌బో సోకెయ్ రాశాడని చెప్పే ఈ ఏడు సంపుటాల గ్రంథం, ఫుకుఒకాలోని కురోదా ప్రభువు ఉద్యోగి తాచిబానా జిత్సుజాన్ (1655–1708) ద్వారా వెలుగులోకి వచ్చింది. 1686లో ఐదు సంపుటాలకు ప్రతి రాసుకున్నాననీ, తక్కినవి 1690లో దొరికాయనీ ఆయన చెప్పుకున్నారు. 1690 అంటే, మరణించిన ఏడాదిని కూడా కలుపుకునే జపాన్ లెక్కన, రిక్యూ నూరో వర్ధంతి సంవత్సరం. సోకెయ్ స్వహస్త ప్రతి అంటూ ఏదీ బయటపడలేదు. ఆధునిక పరిశోధకుల్లో అధికులు దీన్ని జిత్సుజాన్ కూర్చిన గ్రంథంగానే చూస్తున్నారు. పాత సామగ్రి కొంత కలిసి ఉండవచ్చుననే వారూ లేకపోలేదు. చిక్కేమిటంటే, వాబిని బౌద్ధ సాధనగా, శుద్ధమైన బుద్ధలోకంగా వివరించే వాక్యాలకు ఎక్కువగా ఆధారం ఈ గ్రంథమే.

అతుకు విషయంలో రిక్యూ పేరిట ఉన్న మంచి కథ 1701లో వెలువడిన చావా షిగెత్సుషూలో ఉంది. సకాయ్ పట్టణంలో ఒకాయన ఉంజాన్ అనే టీపొడి భరిణెను రిక్యూ ఎదుట వాడాడు. రిక్యూ మెచ్చుకోలేదు. యజమాని కోపంతో దాన్ని పొయ్యిలోని ఇనుప ముక్కాలికేసి కొట్టాడు. అక్కడున్న అతిథి ముక్కలు ఏరుకుని, తానే అతికి, మరోనాడు రిక్యూ ముందు పెడితే ఆయన ఇప్పుడు బాగుందన్నారు. తరువాత అది భారీ వెలకు క్యోగొకు అనే ప్రభువు చేతికి వెళ్లింది. అతుకు మొరటుగా ఉంది, మళ్లీ చక్కగా అతికించనా అని ఆయన టీ గురువు కొబొరి ఎన్షూను (1579–1647) అడిగితే, అతుకు సరిగా కుదరకపోవడం వల్లే రిక్యూ దాన్ని మెచ్చారు, అలాగే ఉంచండని ఎన్షూ సలహా ఇచ్చారు.

రిక్యూ మరణానికి 110 ఏళ్ల తరువాతి పుస్తకమిది. సంఘటనకు సాక్ష్యంగా దీని విలువ తక్కువ. కానీ 1701 నాటి పాఠకులు అతుకు గురించి ఏమనుకోవడానికి సిద్ధంగా ఉన్నారో చెప్పే సాక్ష్యంగా విలువ ఎక్కువ. అందులో ఆరాధన పొందింది మెరిసే బంగారు గీత కాదు, సరిగ్గా కుదరని అతుకు. కింత్సుగికి ఈ కథను ఉదాహరణగా వాడేవారు ఈ తేడాను గమనిస్తున్నట్టు లేదు.

6. 1906 నుంచి 1994 దాకా

వాబి-సాబిని ఒక జాతి మొత్తానికి చెందిన తత్త్వంగా చెప్పడం ఇరవయ్యో శతాబ్దపు పని అనిపిస్తుంది. దాని మెట్లను గుర్తించడం కొంత తేలిక, ఎందుకంటే ఇవన్నీ అచ్చయిన పుస్తకాలు.

కళా విమర్శకుడు ఒకాకురా కకుజో 1906లో న్యూయార్క్‌లో టీ గురించిన తన చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషులోనే ప్రచురించారు. టీ మార్గాన్ని అపరిపూర్ణతను కొలిచే మార్గంగా పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేసింది ఆ పుస్తకం. (అంతకు నాలుగైదేళ్ల ముందు ఆయన కలకత్తాలో వివేకానందుని, ఠాగూరు కుటుంబాన్ని కలిసి కొంతకాలం గడిపారు. ఆసియా అంతా ఒకటన్న ఆయన ధోరణికి ఆ పరిచయాలు బలమిచ్చి ఉండవచ్చు.) 1938లో దైసెత్సు సుజుకి జెన్ బౌద్ధానికీ జపాన్ సంస్కృతికీ ఉన్న సంబంధంపై ఇంగ్లీషులో రాసిన గ్రంథంలో వాబి, సాబి రెండూ జెన్ ఫలాలుగా నిలిచాయి, 1959 నాటి విస్తృత ముద్రణ దాన్ని లోకమంతా తిప్పింది. జపాన్ లోపల ఓనిషి యోషినొరి 1940లో సాబిని సౌందర్యశాస్త్ర విషయంగా తీసుకుని ఒక పూర్తి గ్రంథం రాశారు. ఆయన చర్చ హైకూ సంప్రదాయానికి చెందిన సాబి చుట్టూ తిరుగుతుంది. టీకి చెందిన వాబి, కవిత్వానికి చెందిన సాబి వేరు దారుల్లో నడిచినవన్న స్పృహ ఆ తరానికి ఉంది. రెండింటినీ ఒక జంటగా కట్టి, అసంపూర్ణం, అశాశ్వతం, అపరిపూర్ణం అనే సూత్రంగా కుదించి, డిజైనర్ల చేతికందించింది లియొనార్డ్ కోరెన్ 1994లో అమెరికాలో ప్రచురించిన చిన్న పుస్తకం. తరువాత వచ్చిన జనరంజక పుస్తకాల్లో చాలావాటి మీద దాని నీడ ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక ప్రలోభం ఎదురుకావచ్చు. జెన్ గురుపరంపరలో పద్నాలుగో వాడిగా నాగార్జునుణ్ణి లెక్కిస్తారు. సంప్రదాయం ఆయన్ను శాతవాహనులతో, ఆంధ్రదేశంతో ముడిపెడుతుంది. కాబట్టి వాబి-సాబి వేర్లు కృష్ణాతీరంలో ఉన్నాయని అనేయవచ్చు. పరంపర జాబితా ఒక మతశాఖ తన ప్రామాణికత కోసం కూర్చుకున్నది. అది ప్రభావానికి రుజువు కాదు. జుకో ఉత్తరంలో నాగార్జునుని శూన్యవాదం ఛాయ లేదు. ఈ లంకె వేయకపోవడమే మేలు.

జాతి మొత్తానికి అంటగట్టడంలో మరో చిక్కు ఉంది. ఇసేలోని షింతో మహామందిరాన్ని ఇరవయ్యేళ్లకోసారి పూర్తిగా కొత్త కలపతో మళ్లీ కడతారు. మొదటిది 690లో, అరవై రెండోది 2013లో జరిగాయి. మచ్చలేని కొత్తదనం పవిత్రమని చెప్పే ఆచారం కూడా అంతే జపాన్‌ది, పైగా ఇంకా పాతది. ఇసే అంతర్మందిర పునర్నిర్మాణం 1462 తరువాత 1585 దాకా ఆగిపోయింది. జుకో నుంచి రిక్యూ దాకా టీ కళ ఎదిగిన కాలం సరిగ్గా అదే. ఈ కాకతాళీయం మీద సిద్ధాంతం కట్టడం సులువే. కానీ యుద్ధాల వల్ల డబ్బు లేక పని ఆగిందన్న వివరణ సరిపోతుండగా మరొకటి అక్కర్లేదు.

7. యానాగి అభ్యంతరం

అపరిపూర్ణతను ఆదరించాలన్న సూత్రానికి గట్టి అభ్యంతరం జపాన్‌లోనే, జానపద చేతిపనుల ఉద్యమానికి మూలపురుషుడైన యానాగి సోయెత్సు (1889–1961) నుంచి వచ్చింది. ఒకాకురా వివరణ చాలదని ఆయన వాదన. పరిపూర్ణతకు ఎదురుగా అపరిపూర్ణతను నిలబెట్టి దాన్నే వెతుక్కుంటూ పోతే అదీ ఒక బంధమే. అందం ఈ జంటకు ఇవతల, అలాంటి ఎంపిక తలెత్తకముందే ఉందని ఆయన నమ్మకం. కావాలని వంకర తిప్పిన రాకు పాత్రల్ని ఆయన ఈ కారణంగానే తప్పుపట్టారు. ఆయన ఆదర్శం కిజాయెమొన్ అనే కొరియా పాత్ర. జపాన్ జాతీయ సంపదగా గుర్తింపు పొందిన ఇది క్యోటోలోని దైతొకుజి మఠ ప్రాంగణంలో, కొహోఆన్ ఆలయంలో ఉంది. దాన్ని దగ్గర పెట్టుకున్నవారికి గడ్డలు లేస్తాయన్న భయంతో దాన్ని సేకరించిన ప్రభువు మాత్సుదైరా ఫుమై వారసులు ఆ ఆలయానికి ఇచ్చేశారని ఐతిహ్యం. 1931లో దాన్ని చూసిన యానాగి, పేరులేని కుమ్మరి ఏ ఆలోచనా లేకుండా చేసిన చవక అన్నపు గిన్నెగా దాన్ని వర్ణించారు.

ఆ వర్ణనను ఇప్పుడు అందరూ ఒప్పుకోవడం లేదు. ఈ తరహా పాత్రలు రోజూ అన్నం తినే గిన్నెలు కావనీ, పితృకార్యాల వంటి విధుల్లో వాడినవి అయి ఉండవచ్చుననీ కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. వారి మాట నిలబడితే, ఆలోచన లేని చేతి నుంచే అందం పుట్టిందన్న యానాగి నిరూపణ బాగా బలహీనపడుతుంది. అయితే కోరి తెచ్చుకున్న లోపం మీద ఆయన చేసిన విమర్శ కిజాయెమొన్ మీద మాత్రమే ఆధారపడి లేదు. బిజెన్, షిగరాకి పాత్రలు చేతబట్టిన కొత్తవారి గురించి జుకో రాసిన ఉత్తరం అదే మాట నాలుగు శతాబ్దాలకు పైగా ముందే అన్నది. లోపాన్ని ఆదరించమని రిక్యూ నేర్పినట్టు చూపే పత్రాలు 1690, 1701 నాటివి. లోపాన్ని వేషంగా వేసుకోవద్దన్న హెచ్చరికకు ఉన్న పత్రం, ఉత్తరం జుకోదేనని ఒప్పుకుంటే, 1502కు ముందుది. వయసును బట్టి చూస్తే రెండోదే పాతది.